సన్‌డ్యూ కుండీ మార్చేవాళ్లకు

అందరికీ నమస్కారం. ఆకుల మీది జిగురుతో పురుగుల్ని పట్టి తినే సన్‌డ్యూ రకం డ్రోసెరా కాపెన్సిస్. దాని కుండీ మార్చాలనుకునేవాళ్లు కొత్త చిగుళ్లు జోరుగా మొదలయ్యేలోపే ఆ పని చేసేయండి.

ముందు మట్టి సంగతి. తోటమట్టి, కంపోస్టు, ఎరువు కలిపిన పాటింగ్ మిక్స్ ఏవీ వద్దు. పోషకాల్లేని బురదనేలల్లో పెరిగే మొక్క కాబట్టి ఖనిజ లవణాలు చేరితే వేర్లు దెబ్బతింటాయి. ఎరువు కలపని స్ఫాగ్నమ్ పీట్ మాస్ (బురదనేలల్లో నాచు కుళ్లి ఏర్పడే పీచులాంటి మట్టి), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సమపాళ్లలో కలపండి. పొడి పీట్ నీళ్లు పీల్చదు, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పిసకాలి. పెర్లైట్ బదులు ఇసుక వాడితే సిలికా ఇసుకే వాడండి. సముద్రపు ఇసుకలో ఉప్పు, గవ్వల సున్నం ఉంటాయి.

కుండీ ప్లాస్టిక్‌ది, కనీసం 10 సెం.మీ. లోతు ఉండాలి. మట్టికుండీలో లవణాలు పేరుకుంటాయి.

మొక్కను ఆకులు పట్టుకుని లాగకండి, పాత మట్టితో సహా ఎత్తండి. వేర్లు నల్లగా కనిపిస్తే కుళ్లాయనుకుని కత్తిరించేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, వాటి రంగే అంత! మెత్తబడి చితికిపోయేవే కుళ్లినవి. తెగిన వేరుముక్కల్ని పీట్‌లో పడుకోబెట్టి పలచగా కప్పితే పిలకలొస్తాయి. నాటేటప్పుడు మొవ్వ మట్టిలో కూరుకుపోకూడదు.

వాననీరు, డిస్టిల్డ్ లేదా ఆర్‌వో నీరు మాత్రమే, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 50 పీపీఎం లోపు. కింద పళ్లెంలో 1-2 సెం.మీ. నీళ్లు నిలవ ఉంచండి. కొన్నాళ్లు ఆకుల మీద జిగురు బిందువులు కనపడవు, కంగారుపడి ఎరువు వేయకండి. మధ్యలో కొత్త ఆకు విచ్చుకుంటుంటే వేరు పట్టినట్టే.