ఫ్లాక్స్ గింజలు దసరా దాటాకే చల్లండి

సంపాదకులకు నమస్కారం.

వానలు పడుతుండగానే ఫ్లాక్స్ అనే పూలమొక్క (అవిసె కాదు) గింజలు, వేరుదుంపలు అమ్మకానికి వచ్చేస్తాయి. ప్యాకెట్ మీది బొమ్మ చూసి కొనే మిద్దెతోట పెంపకందారులు ముందు రకం పేరు చూడాలి.

ఫ్లాక్స్ పానిక్యులేటా ఏళ్ల తరబడి బతికే మొక్క. దాని సొంతగడ్డ తూర్పు అమెరికా. గింజ మొలవాలన్నా, వేరు మళ్లీ చిగురించి నిండుగా పూయాలన్నా గట్టి చలి పడాలి. మన మైదానాల్లో అంత చలి ఎక్కడిది? వేసవికి బూడిద తెగులు, ఎర్రనల్లి పట్టి కింది ఆకుల నుంచి ఎండుకొస్తుంది. దాని మీద డబ్బు పోసుకోవద్దు. మనకు పనికొచ్చేది ఫ్లాక్స్ డ్రమ్మండీ. టెక్సాస్ మొక్క, 1835లో మొక్కల సేకర్త థామస్ డ్రమ్మండ్ పంపిన గింజలతో బ్రిటన్ తోటలకు చేరింది. ఒక్క సీజనే బతుకుతుంది, మన శీతాకాలం దానికి చక్కగా సరిపోతుంది.

ఆగస్టులో చల్లితే మొలక సరిగా రాదు. వచ్చినా నారుకుళ్లు సోకి, మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోతుంది. రాత్రి వేడి 20 డిగ్రీల దరిదాపులకు దిగాలి. అంటే తెలంగాణలో దసరా దాటాక, కోస్తాలో దీపావళి దాటి వానజోరు తగ్గాక. ఎర్రమట్టి 2 పాళ్లు, వర్మీకంపోస్టు 1, ఇసుక 1 కలపండి. గింజకు చీకటి కావాలి కనుక అర సెంటీమీటరు మట్టి కప్పి, పైన తడి గోనెపట్టా పరవాలి. 10–15 రోజుల్లో మొలుస్తుంది. తొలి మొలక కనబడ్డ రోజే పట్టా తీసేయాలి, ఆలస్యమైతే కాడ పాలిపోయి సన్నగా సాగుతుంది. వేరు కదిలితే ఈ మొక్క ఓర్చుకోదు. పూయాల్సిన కుండీలోనే చల్లి, 15–20 సెం.మీ. ఎడం ఉంచి ఒత్తు మొక్కలు తీసేయడమే మేలు.

8–10 సెం.మీ. ఎత్తులో కొస తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. యూరియా వద్దు, ఆకే పెరుగుతుంది. కుండీలను గాలి ఆడకుండా ఇరికిస్తే బూడిద తెగులు ఖాయం. తెల్లమచ్చ కనబడగానే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లండి. ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు చల్లినా, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు చల్లినా ఆకు మాడిపోతుంది.

వాడిన గుత్తులు కత్తిరిస్తుంటే మార్చి దాకా పూలే. విత్తనానికి మాత్రం కొన్ని గుత్తులు వదలండి. గడ్డిరంగుకు తిరిగిన కాయ ఎండకు టప్పున పగిలి గింజల్ని దూరంగా విసిరేస్తుంది. పగలకముందే కోసి కాగితం సంచిలో వేయాలి.

అమ్మకందార్లు రకం పేరు, విత్తే నెల ప్యాకెట్ మీద తెలుగులో అచ్చువేయాలని కోరుతున్నాం.

– మిద్దెతోట పెంపకందారులు, హైదరాబాద్