ఎక్కాలు రావాలా, అర్థం కావాలా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన పేరెంట్స్ మీటింగ్ అయ్యాక, ఒకే తరగతిలో పిల్లలున్న ఇద్దరు పది నిమిషాల తేడాతో నా గదికి వచ్చారు. ముందు వచ్చిన తండ్రి, "ఇప్పటి చదువుల్లో పస లేదండి. మా రోజుల్లో ఇరవయ్యో ఎక్కం దాకా నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం, మావాడు ఏడు ఎనిమిదులు ఎంతంటే వేళ్లు లెక్కపెడుతున్నాడు" అన్నారు. తర్వాత వచ్చిన తల్లి, "ఇంకా ఈ బట్టీ ఏంటి మేడమ్, అన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే? ఆలోచించడం నేర్పండి చాలు" అన్నారు. ఆ రోజు ఇద్దరికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల ఉత్తరం మొత్తం ఈ విషయానికే. సెలవుల వివరాలు, ఫీజు తేదీలు వెనక పేజీలో ఉన్నాయి.

ముందు "మా రోజుల్లో" అనే మాట. నేనూ ఆ రోజుల్లో చదువుకున్నదాన్నే, ఆ మాటలో నిజం లేదని అనను. కానీ అప్పట్లో బడి మధ్యలో మానేసినవాళ్లు ఎంతమందో మనం లెక్కలోకి తీసుకోం. 1950 ప్రాంతంలో ప్రపంచంలోని పెద్దవాళ్లలో నూటికి నలభై మందికి పైగా చదవడం, రాయడం రాదని యునెస్కో లెక్క. ఇప్పుడది నూటికి పదిహేను లోపు. అంటే ఇవాళ్టి తరగతిలో, ఆ రోజుల్లో అసలు బడి గడపే తొక్కి ఉండని పిల్లలూ కూర్చుంటున్నారు. అప్పుడు నిలబడి చదివినవాళ్లతో ఇప్పటి పిల్లలందర్నీ పోల్చడం న్యాయం కాదు.

అలాగని అంతా బాగుందని కూడా చెప్పలేను. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ అనే సంస్థ, పదిహేనేళ్ల పిల్లలకు పీసా అనే పరీక్ష పెడుతుంది. 2022లో 81 దేశాలు, ప్రాంతాల పిల్లలు దాన్ని రాశారు. 2018తో పోలిస్తే ఓఈసీడీ దేశాల సగటు లెక్కల్లో దాదాపు 15 పాయింట్లు, చదివి అర్థం చేసుకోవడంలో 10 పాయింట్లు తగ్గింది. కరోనా వల్లే అనుకుంటాం, కానీ చాలా దేశాల్లో ఆ జారుడు అంతకుముందే మొదలైంది. హోంవర్క్ తక్కువగా ఉండాలనేవాళ్లు ఎప్పుడూ ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్‌కు 2006లో లెక్కల్లో 548 వస్తే, 2022లో 484 వచ్చాయి. గట్టిగా సాధన చేయించాలనేవాళ్లు సింగపూర్ పేరు చెబుతారు. 2022లో మూడు సబ్జెక్టుల్లోనూ ముందున్నది ఆ దేశమే, నిజమే. అయితే అక్కడ లెక్కలు మొదలుపెట్టేది ఎక్కాల వల్లెవేతతో కాదు. ముందు పిల్లల చేతికి వస్తువులిస్తారు, తర్వాత బొమ్మ గీయిస్తారు, అంకెలూ గుర్తులూ ఆ తర్వాతే. సాధన చాలా ఉంటుంది, కానీ దాని కింద అర్థం ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జ్ఞాపకం పెట్టుకోవడాన్నీ, అర్థం చేసుకోవడాన్నీ ఒకదానికొకటి శత్రువుల్లా చూడటమే తప్పు. మనిషి మనసులో ఒకేసారి పట్టుకోగలిగే కొత్త విషయాలు చాలా తక్కువ, మూడో నాలుగో. ఎనిమిదింట ఏడుకు ఆరింట అయిదు (7/8 + 5/6) కలపమన్నామనుకోండి. ఎక్కాలు వచ్చిన పిల్లకు ఎనిమిదో ఎక్కంలోనూ ఆరో ఎక్కంలోనూ వచ్చే ఇరవై నాలుగు వెంటనే తడుతుంది, తన ఆలోచనంతా భిన్నం మీదే పెడుతుంది. రాని పిల్ల ఆరో ఎక్కం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, అది తేలేసరికి అసలు ఏం చేస్తున్నదో మర్చిపోతుంది. తెలివి తక్కువై కాదు, చోటు చాలక. ఫోన్లో దొరుకుతుందన్న మాటకూ నా జవాబు ఇదే, ఫోన్లో ఉన్నది ఆలోచనకు పనికి రావాలంటే ముందు తలలోకి రావాలి.

రెండోవైపు కూడా చూశాను. ఇరవయ్యో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పిన అబ్బాయిని, సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా అని అడిగితే "మూడో వంతు" అన్నాడు, రెండు కంటే మూడు ఎక్కువ కాబట్టి. ఆ ఎక్కాలు వాడికి పాటలాగా వచ్చాయి, లెక్కలాగా రాలేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం మూడు, నాలుగు తరగతుల్లో రోజూ చేయించే ఎక్కాల సాధన తీసేశాం, అది పాత పద్ధతి అనుకుని. ఆ నిర్ణయం నాదే. ఆ పిల్లలు ఇప్పుడు అయిదు, ఆరు తరగతుల్లో భిన్నాల దగ్గర ఇబ్బంది పడుతుంటే చూస్తున్నాను, బాధగా ఉంది. వాళ్లకు క్షమాపణ చెప్పాలి, మీకు కూడా. వచ్చే నెల నుంచి మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు ఎక్కాలు ఉంటాయి, రెండు రోజులకోసారి వాటిలో ఒకదానికి బొమ్మ గీసి చూపించాలి. ఇంట్లో మీరు రాత్రి పన్నెండు దాకా కూర్చుని చేసిపెడుతున్న ప్రాజెక్టు మోడళ్లకు ఇక మార్కులు లేవు, పిల్లలు క్లాసులోనే చేస్తారు.

మీరు చేయగలిగింది ఒకటుంది. పాఠం మళ్లీ మళ్లీ చదివించకండి. పుస్తకం మూయించి, "ఏం చదివావో నాకు చెప్పు" అనండి. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత అడిగితే మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లకు ఎక్కువ గుర్తుంది. మార్కులు తొంభై అయిదు వచ్చినా సరే, ఈ ప్రశ్న అడగండి. పిల్లలు తడబడితే టెన్షన్ పడకండి, తిట్టకండి. ఎక్కడ ఆగిపోయారో ఒక చీటీ మీద రాసి డైరీలో పెట్టి పంపండి, ఏ పరీక్ష పేపరూ మాకు అంత ఉపయోగపడదు.

కొత్త పీరియడ్ ఎలా సాగుతుందో చూడాలనుకునేవాళ్లు ఏ గురువారమైనా రావచ్చు, వెనక బెంచీలో కూర్చోండి. ఆ తండ్రిగారికీ, ఆ తల్లిగారికీ ఫోన్ చేశాను. ఇద్దరూ మొదటి గురువారమే వస్తామన్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు