సాక్షికి ప్రాణంతో పాటు బతుకుతెరువూ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

హత్య కేసు కొట్టేసినప్పుడల్లా పేపర్లో ఒక మాట వస్తుంది, ‘సాక్షులు అడ్డం తిరిగారు’ అని. చదివినవాళ్ళు డబ్బు తీసుకునుంటారులే అనుకుంటారు. నేను ఒక హత్య కేసులో ప్రత్యక్ష సాక్షిని. అడ్డం తిరగలేదు, తిరగను. అలా నిలబడితే ఒక ఇల్లు ఏమేం పోగొట్టుకుంటుందో మీ పాఠకులకు తెలియాలని రాస్తున్నాను.

నేను గుంటూరులో టైలరింగ్ షాపు నడుపుకునేదాన్ని. ఏ వీధో, ఏ ఏడో రాయను. మా షాపు ఎదురుగా ఒక కుర్రాణ్ణి చంపేశారు. కొట్టినవాళ్ళ మొహాలు చూశాను. పోలీసులకు చెప్పాను, మేజిస్ట్రేటు గారి ముందు వాంగ్మూలం ఇచ్చాను. ముద్దాయిలు బెయిలు మీద వచ్చాక వాళ్ళ తాలూకు మనుషులు మా ఆయన్ని దారిలో ఆపి, మా పిల్లలు ఏ ఆటోలో స్కూలుకి వెళ్తారో, ఎన్ని గంటలకు దిగుతారో వాళ్ళే చెప్పి వెళ్ళారు. ఒక్క తిట్టు లేదు, చెయ్యి ఎత్తలేదు. ఆ వారంలోనే రక్షణ కోసం దరఖాస్తు పెట్టాం. ఇల్లు మార్చారు, మఫ్టీలో కానిస్టేబుల్‌ని పెట్టారు. ప్రాణం విషయంలో పోలీసులను ఒక్క మాట అనను. ఎండలో మా గుమ్మం ముందు కూర్చున్న ఆ అబ్బాయికి రుణపడి ఉంటాను.

పోయింది బతుకుతెరువు. కుట్టుపనిలో ఆస్తి అంటే మిషను కాదు, మనుషులు. ఎవరికి చంక దగ్గర ఎంత వదలాలి, ఎవరికి ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది, ఎవరికి మెడ లోతుగా ఉంటే నచ్చదు అన్నది ఏళ్ళ తరబడి చేతికి అలవాటవుతుంది. మేం ఊరు వదిలిన రాత్రి షాపులో కస్టమర్ల ఆది జాకెట్లు, కత్తిరించి ఇంకా కుట్టని పట్టు ముక్కలు అలాగే ఉండిపోయాయి. వెళ్ళి ఎవరివి వాళ్ళకి ఇచ్చే వీలు లేదు. తర్వాత మా ఆడపడుచు చీటీలు చూసి ఇచ్చినన్ని ఇచ్చింది, పెళ్ళివారి జాకెట్లు మాత్రం ముహూర్తం దాటాక అందాయి. ఫోన్ నంబరు మార్చేశారు కాబట్టి, ఎందుకిలా అయిందో ఒక్కరికీ చెప్పుకోలేకపోయాను. బట్టలు ఎత్తుకుపోయిందని అనుకున్నవాళ్ళు ఉన్నారని తెలిసి చాలా రోజులు ఏడ్చాను.

శ్రావణమాసం వస్తే రాత్రి రెండింటిదాకా నా మిషను ఆగేది కాదు. ఇప్పుడున్న చోట బోర్డు పెట్టుకోకూడదు, పేరు చెప్పుకోకూడదు. ముక్కూ మొహం తెలియని మనిషికి పట్టు జాకెట్టు ఎవరిస్తారు? ఒక షాపువాళ్ళకు ఫాల్స్, పీకో, కాజాలు కుట్టిస్తూ నెట్టుకొస్తున్నాను. పోలీసులు వచ్చిపోయే ఇల్లని చుట్టుపక్కలవాళ్ళు మా ఆయనే ఏదో చేశాడనుకుంటున్నారు. ఇంటి ఓనరు ఖాళీ చేయమంటే మళ్ళీ సామాను సర్దుకున్నాం. మా చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళలేదు.

ఇవన్నీ తప్పనిసరి కష్టాలని సరిపెట్టుకునేదాన్నే. కానీ దీని గురించి రూల్సే ఉన్నాయని ఆలస్యంగా తెలిసింది. 2018 డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, చట్టం వచ్చేదాకా ఇదే చట్టమని చెప్పింది. సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన క్రిమినల్ విచారణల చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ కూడా ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి పథకాన్ని నోటిఫై చేయాలంటోంది. 2018 పథకం ప్రకారం జిల్లా జడ్జి గారి ఆధ్వర్యంలోని కమిటీ రక్షణ ఒక్కటే కాదు, సాక్షి వేరేచోట బతకడానికి, కొత్త వృత్తి మొదలుపెట్టుకోవడానికి రక్షణ నిధి నుంచి ఎప్పటికప్పుడు డబ్బు కూడా ఇవ్వవచ్చు. నా దరఖాస్తు తీసుకున్నవాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు. నాకు చెప్పింది వేరే కేసు పని మీద వచ్చిన ఒక జూనియర్ లాయరమ్మాయి.

ఇంకోటి. రక్షణ ఉత్తర్వు ఒక్కో విడతకు మూడు నెలలు మించదు. గడువు దగ్గరపడితే మళ్ళీ విచారణకు వచ్చి ‘ఈమధ్య ఎవరైనా బెదిరించారా?’ అని అడుగుతారు. కాపలా ఉంది కాబట్టి ఎవరూ రాలేదు. రాలేదని నిజం చెబితే ముప్పు తగ్గిందని రాస్తారేమోనని ప్రతిసారీ టెన్షనే.

అన్నిటికన్నా నలగ్గొడుతున్నది వాయిదా. నా చీఫ్ ఎగ్జామినేషన్, అంటే మా వైపు లాయరు నన్ను అడిగి చెప్పించడం, అయిపోయింది. క్రాస్, అంటే ముద్దాయిల లాయరు నన్ను ప్రశ్నించడం, మిగిలింది. ముద్దాయిల తరఫు సీనియర్ లాయరు గారికి ఒకసారి ఒంట్లో బాగోలేదు, ఒకసారి హైకోర్టులో పని. సాక్షి హాజరై ఉండగా, ప్రత్యేక కారణం రాతపూర్వకంగా చూపితే తప్ప, విచారించకుండా వాయిదా వేయకూడదని అదే సంహిత 346వ సెక్షన్ చెబుతోంది. నన్ను అడ్డం తిప్పాలనుకునేవాళ్ళకు ఉన్న గడువల్లా క్రాస్ అయ్యేలోపే. హత్య కేసులో చట్టప్రకారం రాజీ లేదు. బయట రాజీ అంటే సాక్షి ‘నేను చూడలేదు’ అనడమే. అంటే ప్రతి వాయిదా వాళ్ళ చేతికిచ్చిన ఇంకొన్ని రోజులు. పైగా కోర్టుకు వెళ్ళినప్పుడల్లా బంట్రోతు నా పేరు, ఇంటిపేరు గట్టిగా పిలుస్తాడు, ఆ వరండాలోనే ముద్దాయిల బంధువులు నిలబడి ఉంటారు. సాక్షులకు, ముద్దాయిలకు వేర్వేరు దారులుండే గదులు 2019 చివరికల్లా జిల్లా కోర్టుల్లో ఏర్పాటు చేయాలని ఆ మహేందర్ చావ్లా తీర్పులోనే ఉంది.

చనిపోయిన కుర్రాడి తల్లి ఆ వరండాలోనే ఉంటుంది. మాట్లాడకూడదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. దూరం నుంచి చెయ్యి జోడిస్తుంది. ఆ తల్లి లేకపోతే మా ఇంట్లోవాళ్ళు ఇన్నాళ్ళు ఓర్చుకునేవారు కాదేమో.

జిల్లా కమిటీ పెద్దలకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. రక్షణ ఉత్తర్వు ఇచ్చిన రోజే సాక్షికి ఏమేం సాయం అడిగే హక్కుందో తెలుగులో రాసి చేతికివ్వండి. సంపాదన పోయినవాళ్ళకు, వాళ్ళు అడిగేదాకా ఆగకుండా, నిధి నుంచి ఇప్పించండి. పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారు సాక్షుల విచారణ రోజువారీగా జరపమని పిటిషన్ వేయాలి. నా క్రాస్‌కు ఒక తేదీ వేసి, ఆ రోజే పూర్తి చేయించండి.

– ఒక సాక్షి, గుంటూరు
(పేరు, చిరునామా ప్రచురించవద్దని మనవి)