నల్లటి మంట

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. ఇక్కడందరూ కులాసా, అమ్మ మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. మిగతావి తర్వాత, ముందిది విను.

నిన్న మా ల్యాబులో నల్లటి మంట చూశాన్రా! పొగ కాదు, మంటే!

న్యూటన్ రింగుల ప్రయోగానికి వాడే సోడియం ల్యాంపు, అదే మన 'కామెర్ల దీపం', దాన్నొక్కదాన్నే ఉంచి గదిలో లైట్లన్నీ తీసేశాం. దాని ముందు ఒత్తికి బాగా ఉప్పు పట్టించిన స్పిరిట్ ల్యాంపు వెలిగిస్తే, ఆ పసుపు వెలుగులో కాటుకలాంటి నాలుక ఊగుతోంది. పిల్లలు నోళ్లు తెరిచారు. ట్యూబ్‌లైట్ వేశామో లేదో మామూలు పసుపు మంట! తీసేస్తే మళ్లీ నలుపు.

ఉప్పు నుంచి మంటలోకొచ్చిన సోడియం పరమాణువుకి 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పసుపు కాంతి దొరికితే చాలు, మింగేస్తుంది. సోడియం ల్యాంపు ఇచ్చేదీ సరిగ్గా అదే. దాన్లోని ఎలక్ట్రాన్ పై శక్తి మెట్టెక్కడానికి 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, కాస్త తగ్గినా కుదరదు. సగటున 16 నానోసెకన్లకి దిగిపోయి మింగిందంతా కక్కేస్తుంది, కానీ ఎటు పడితే అటు! మన కంటివైపు వచ్చేది తక్కువ, అందుకే నలుపు. మంట సొంత వెలుగు ల్యాంపు ముందు ఏపాటిది? ట్యూబ్‌లైట్‌లో మిగతా రంగులన్నిటికీ దారి ఖాళీయే కదా.

1859లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్ అనే శాస్త్రవేత్త పట్టుకున్న గుట్టు ఇదే: ఏ మూలకమైనా ఏ వెలుగు ఇస్తుందో ఆ వెలుగే మింగుతుంది. సూర్యుడి వర్ణపటంలో నల్లగీతలు అలా వచ్చినవే. పరీక్షకి బట్టీ కొట్టి ఎన్నిసార్లు రాశాం! కళ్లతో చూడ్డానికి ఇన్నేళ్లు పట్టింది, కొంచెం బాధేసింది కూడా.

అన్నట్టు, మీ గుంటూరు గొప్ప కూడా చెప్పాలిగా. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచు జ్వాలల్లో మెరిసే గీతలు చూసింది మీ ఊళ్లోనే. ఆ జ్వాలల పసుపు గీత సోడియానిది కాదు, 587.6 నానోమీటర్ల దగ్గరుంది. అదే హీలియం! భూమ్మీద అది రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తకి దొరికింది 1895లో. ఇక మిడత మాస్టారి ముందు నువ్వు కాలర్ ఎగరేసుకోవచ్చు.

ఒక్కటి మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు. ఫలానా పరమాణువు ఫలానా క్షణాన దిగుతుందని ఎవరూ చెప్పలేరట, సగటే. దానికి కారణమే లేకపోతే మరి...

బెల్లు కొట్టేశారు, సెకండియర్ వాళ్లు తలుపు బాదుతున్నారు. ఉంటా.

నీ
రాజు