నువ్వడిగిన ఎలుకల సంగతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఇంట్లో అందరూ కులాసా, నా మోకాలి నొప్పి తగ్గింది. తక్కిన కబుర్లు మరోసారి. ఒక్క విషయం మాత్రం నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

ప్రోస్టేట్ గ్రంథిలోని వాపును మూత్రంలోని ప్రొటీన్లను బట్టి గుర్తించవచ్చునా అని మేము ఎలుకల మీద చూస్తున్న సంగతి నీకు తెలుసు. ఈ జబ్బుతో బాధపడే మగవారిలో దాదాపు 90 శాతం మందికి బాక్టీరియా ఏదీ దొరకదు. వారు చెప్పే నొప్పే డాక్టరుకు ముఖ్య ఆధారం. రక్తం తన కూర్పును నిలకడగా ఉంచుకుంటుంది, మూత్రానికి ఆ కట్టుబాటు లేదు. పైగా ప్రోస్టేట్ స్రావం నేరుగా మూత్రనాళంలోకే వస్తుంది. అందుకే మూత్రం మీద నాకింత నమ్మకం.

ఎలుక ప్రోస్టేట్‌లో పొట్టవైపు ఉండే తమ్మెలోకి (వెంట్రల్ లోబ్) కారాజీనన్ అనే సముద్రపు నాచు పదార్థాన్ని ఎక్కిస్తే, బాక్టీరియా లేకుండానే వాపు వస్తుంది. ఎక్కించక ముందు తీసిన మూత్రంతో తరువాతి మూత్రాన్ని పోల్చి చూస్తే చాలా ప్రొటీన్లు మారాయి. నన్ను కుదిపేసింది అది కాదు. ఉత్త సెలైన్ ఎక్కించిన ఎలుకల్లోనూ వాటిలో ఎన్నో మారాయి! మత్తుమందు, పొట్ట మీద కోత, గాయం మానడం, ఇవన్నీ మూత్రంలో తమ గుర్తులు వదులుతాయి. సెలైన్ గుంపు తప్పనిసరిగా ఉండాలని నువ్వు పట్టుబట్టకపోయి ఉంటే, శస్త్రచికిత్స వల్ల వచ్చిన మార్పులన్నిటినీ మనం ప్రోస్టేట్ ఖాతాలో వేసేవాళ్ళం.

ఇప్పుడు వడపోత మొదలైంది. మగ ఎలుక మూత్రంలో కాలేయం తయారు చేసే ఆల్ఫా-2యు గ్లోబ్యులిన్ ఎంత పుష్కలంగా ఉంటుందంటే, దాని హోరులో తక్కినవాటి గొంతు మాస్ స్పెక్ట్రోమీటరుకు (ప్రొటీన్ల ముక్కలను బరువును బట్టి గుర్తించే యంత్రానికి) వినిపించదు. అది మగ హార్మోన్లను బట్టి హెచ్చుతగ్గులవుతుంది కనుక అది మారినంత మాత్రాన వాపు అనలేము. ప్రొటీన్లు వందల్లో, ఎలుకలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కాబట్టి గుంపుల పేర్లను పదేపదే కలగాపులగం చేసి, యాదృచ్ఛికంగానే ఎన్ని తేడాలు పుడతాయో కూడా చూస్తున్నాము. నా ఆశంతా ప్రోస్టేటిన్ అనే ప్రొటీన్ మీద. అది పొట్టవైపు తమ్మె స్రావం. ప్రోబేసిన్ అనే మరో ప్రొటీన్ ప్రధానంగా వెనుక, పక్క తమ్మెలది. ఒకటి మారి రెండోది మారకపోతే వాపు ఏ తమ్మెలోదో మూత్రమే చెప్పినట్లు కాదా? కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూసి ధ్రువపరచుకోవాలనుకో, అయినా...

మూత్రం సేకరించే తీరు చూస్తే నీకు ముచ్చటేస్తుంది. బోను కింది గరాటు గోడ వెంట ఒక్కొక్క బొట్టే జారి మంచులో ఉంచిన గొట్టంలో పడుతుంది. మేత పొడి ఒక్క రేణువు పడినా పరాయి ప్రొటీన్ చేరుతుంది కనుక, ఆ వేళ నీళ్ళు మాత్రమే పెడతాము. తరువాత చల్లని అసిటోన్ పోయగానే తెల్లని తరకలు తేలుతాయి, ఆ తరకలలోనే మనకు కావలసిన...

సెంట్రిఫ్యూజ్ ఆగింది, పిలుస్తున్నారు. ప్రోస్టేటిన్ ఫలితం రాగానే రాస్తాను.

నీ
మిత్రుడు