మంత్రిగారూ, మా పాప టీచరు ఎవరో మీకైనా తెలుసా?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

ఇది నేను రాస్తున్న ఐదో అర్జీ. మొదటి నాలుగింటికీ 'మీ అర్జీ అందింది' అన్న జవాబే వచ్చింది. అందినందుకు సంతోషం. చదివేవాళ్లెవరైనా దొరుకుతారేమోనని ఈసారి బహిరంగంగా రాస్తున్నాను.

పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం ఏమిటో మీకు చెప్పేంతదాన్ని కాను. సంతకం మీ శాఖదే. మా శిశు విద్యా కేంద్రాన్ని ప్రైవేటు భాగస్వామి చేతికిచ్చాక గోడలకు రంగులొచ్చాయి, కొత్త బొమ్మలొచ్చాయి. కాదనను.

కానీ మా నాలుగేళ్ల పాపకు ఒక్క ఏడాదిలో నలుగురు టీచర్లు మారారు. మొదటి టీచరు దగ్గర ఏడుపు మానడానికి నెల పట్టింది. ఆ తర్వాత ఆవిడ చెయ్యి వదిలేది కాదు. ఒకరోజు ఆవిడ రాలేదు. అడిగితే 'కాంట్రాక్టు అయిపోయింది' అన్నారు. నాలుగేళ్ల పిల్లకి కాంట్రాక్టు అంటే ఏం చెప్పను? 'నేను అల్లరి చేశానని వెళ్లిపోయిందా?' అని వారం రోజులు అడిగింది. మూడో టీచరు వచ్చేసరికి కొత్త మనిషికి చెప్పుకోలేక బట్టలు తడుపుకుని ఇంటికి రావడం మొదలైంది. అంతకుముందు ఏడాదే ఆ అలవాటు పోయింది. నాలుగో ఆవిడకు మా పాప పేరు బ్యాడ్జీ చూస్తేగానీ తెలియదు. ఆ అమ్మాయిని అనడం లేదు, ఆమెకూ రేపటి టెన్షనే.

నిర్వాహకులకు డబ్బు పిల్లల తలలు లెక్కపెట్టి ఇస్తారు. ఇలాంటి కేంద్రాల ఖర్చులో పెద్ద భాగం జీతాలే కాబట్టి మిగుల్చుకోవాలంటే కోత పడేదీ అక్కడే. తనిఖీకి వచ్చినవాళ్లు హాజరు చూస్తారు, మరుగుదొడ్డి చూస్తారు, గదిలో టీచరు ఉందా అని చూస్తారు. నిన్న ఉన్న టీచరేనా అని ఎవరూ అడగరు. ఒప్పందం కాగితం చూపించమంటే వ్యాపార రహస్యమట! మూడేళ్ల పిల్లల చదువులో రహస్యమేమిటో.

2022లో తాష్కెంట్‌లో జరిగిన యునెస్కో సదస్సు విద్యాబడ్జెట్‌లో కనీసం 10 శాతం పూర్వ ప్రాథమిక విద్యకు పెట్టాలంది, సిబ్బంది పని పరిస్థితులు బాగుపడాలంది. నిర్వహణ ప్రైవేటు వాళ్లకిచ్చినా బాధ్యత ప్రభుత్వానిదేనని విద్యాహక్కుపై మానవ హక్కుల నిపుణులు 2019లో ఆమోదించిన అబిడ్జాన్ సూత్రాలు చెబుతున్నాయి. ఇక్కడేమో కేంద్రంలో అడిగితే 'శాఖను అడగండి' అంటారు, శాఖలో అడిగితే 'నిర్వాహకులను అడగండి' అంటారు. భాగస్వామ్యమంటే ఇదే కాబోలు.

పెద్ద కోరికలేం లేవండి. ఒప్పందం పొడిగించే ముందు మమ్మల్ని ఒక్కసారి పిలిచి అడగండి. టీచరుకు నిలబడేంత జీతమిచ్చి, ఏడాదంతా ఒకే మనిషి ఉండేలా చూడండి. దయచేసి ఆ ఒక్కటీ చూడండి.

వచ్చే వారం ఐదో ఆవిడ వస్తోందట. పేరు నేర్చుకోవాలా, అక్కర్లేదా అని పాప అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
ఒక తల్లి