ఉదయపు గొంతు మూగబోయింది

సంపాదకునికి,

మా స్థానిక రేడియోలో ఏళ్ల తరబడి ఉదయపు కార్యక్రమాన్ని నడిపిన వ్యాఖ్యాత కన్నుమూశారన్న వార్త చదివినప్పటి నుంచి, ఆయన ముఖమైనా ఎరుగని నాలాంటి శ్రోతలు సొంత మనిషిని పోగొట్టుకున్నట్టు బాధపడుతున్నారు. సమయం చెప్పే ముందు ఆయన ఒక్క క్షణం ఆగేవారు. ఆ చిన్న విరామంలో కాగితం తిప్పిన చప్పుడు సైతం వినిపించేది, మా గోడ గడియారాన్ని ఆ మాటను బట్టే సరిచేసుకునేవాళ్లం. శ్రోతల ఉత్తరాల్లో పేరు తప్పుగా పలికితే మర్నాడు గుర్తుపెట్టుకుని మరీ సవరించేవారు. (నా ఇంటిపేరును రెండుసార్లు తప్పు చదివారు, రెండుసార్లూ క్షమాపణ చెప్పారు.)

అయస్కాంత టేపుల కాలంలో పాత రికార్డింగును చెరిపి అదే టేపును మళ్లీ వాడుకోవడం చాలా కేంద్రాల్లో మామూలే కాబట్టి, ఆయన తొలినాళ్ల కార్యక్రమాలు మిగిలి ఉంటాయన్న ఆశ నాకు తక్కువే. అయితే ఇళ్లలో క్యాసెట్లపై రికార్డు చేసుకున్న శ్రోతలు కొందరైనా ఉండే ఉంటారు. అవి తేమకు బూజు పట్టకముందే సేకరించి డిజిటల్ రూపంలోకి మార్చే పనికి, సంస్మరణ సభకన్నా ముందుగా, రేడియో కేంద్రం పూనుకోవాలని, ఫిబ్రవరి 13న వచ్చే ప్రపంచ రేడియో దినోత్సవం నాటికి వాటిలో కొన్నింటినైనా అదే ఉదయపు వేళలో తిరిగి ప్రసారం చేయాలని కోరుతున్నాను.

– ఒక శ్రోత